తొమ్మిదంగుళాల గోడ: స్వీట్ హోమ్ 3డీలో ముందస్తు అమరికలు నేర్చుకున్న మూడు వారాల డైరీ

మొదటి శనివారం

రాజమహేంద్రవరం శివారులో నాన్నగారు చాలా ఏళ్ల క్రితం కొన్న 150 గజాల స్థలంలో ఇల్లు కట్టాలని మా ఇంట్లో నిర్ణయమైంది. స్థలం తూర్పు ముఖం. రోడ్డు వైపు 30 అడుగులు, లోపలికి 45 అడుగులు, అంటే 1,350 చదరపు అడుగులు. సెంట్లలో చెప్పాలంటే మూడు సెంట్లకు కాస్త పైన. మునిసిపాలిటీకి ఇవ్వవలసిన ప్లాను ఇంజనీరు గారే గీస్తారు. ఆయన దగ్గరికి వెళ్లే ముందే ఏ గది ఎక్కడ ఉండాలో, ఎంత ఉండాలో ఇంటిల్లిపాదీ ఒక మాట మీదికి రావాలి. కాగితం మీద గీతలు చూసి గదిని ఊహించుకోవడం అమ్మకు కష్టం. వంటగదిలో నిలబడితే గ్యాసు బండ ఎక్కడ ఉంటుందో, కిటికీలోంచి ఏం కనబడుతుందో కళ్లకు కట్టాలని ఆమె కోరిక. అందుకే ఇంటి నమూనాను నేనే కంప్యూటరులో కట్టి చూపిస్తానని మాట ఇచ్చాను.

ఇందుకు ఎంచుకున్నది స్వీట్ హోమ్ 3డీ. ఫ్రాన్సుకు చెందిన ఎమాన్యుయేల్ పుయిబారే జావా భాషలో రాసిన ఈ సాఫ్ట్‌వేర్‌ను గ్నూ జీపీఎల్ లైసెన్సు కింద ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. తెర నాలుగు భాగాలుగా ఉంటుంది. ఎడమ వైపు పైన సామాన్ల పట్టిక, దాని కింద మనం వాడిన సామాన్ల జాబితా, కుడి వైపు పైన ప్లాను, కింద అదే ప్లాను 3డీ రూపం. ప్లానులో గోడ గీసిన మరుక్షణం కింద గోడ లేస్తుంది. ఆ లేవడం చూసిన ఉత్సాహంలో, ఏ అమరికా తెరిచి చూడకుండా, రాత్రి పదకొండు దాకా కూర్చుని కింది అంతస్తు మొత్తం గీసేశాను. రెండు పక్కలా మూడేసి అడుగులు, ముందు అయిదు, వెనుక నాలుగు అడుగులు వదలగా ఇంటికి మిగిలేది 24 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు. ఆ కొలతలతోనే బయటి గోడలు, వాటి లోపల హాలు, రెండు పడక గదులు, వంటగది, పూజగది, మెట్లు అమిరాయి. నైరుతిలో వచ్చే పెద్ద పడక గదిని 12 అడుగులకు 11 అడుగులుగా గీశాను. తలుపులు, కిటికీలు పెట్టి, మంచం వేసి, పడుకునే ముందు అమ్మకు చూపించాను. ఆమె చాలాసేపు చూసింది.

ఆదివారం

మాకు ఇల్లు కట్టబోయే మేస్త్రి గారు స్థలం చూడడానికి వచ్చి, ఆ తరువాత ఇంటికి కూడా వచ్చారు. లాప్‌టాప్‌లో నమూనా చూపించాను. ఆయన గదులను పెద్దగా పట్టించుకోలేదు. ప్లానులో గోడ గీతకు దగ్గరగా వంగి చూసి, అది ఎంత మందమని అడిగారు. గోడ మీద రెండుసార్లు నొక్కి వివరాల పెట్టె తెరిస్తే మందం 7.5 సెంటీమీటర్లు అని ఉంది.

"మూడంగుళాలే కదండీ బాబుగారూ! ఒంటి ఇటుక వరస పెట్టినా నాలుగున్నర వస్తుందండీ. బయటి గోడ తొమ్మిదండీ" అన్నారాయన.

ఆ సంఖ్యను నేను ఎంచుకోలేదు. కొత్తగా గీసే ప్రతి గోడకూ 7.5 సెంటీమీటర్ల మందం, 250 సెంటీమీటర్ల ఎత్తు ఇవ్వాలని సాఫ్ట్‌వేర్‌లో ముందే రాసి ఉంది. చట్రం కట్టి రెండు వైపులా పలచని బోర్డులు బిగించే లోపలి గోడలకు ఆ మందం చెల్లుతుందేమో కానీ, ఇటుక గోడకు చెల్లదు. మన దగ్గర ఇటుక పొడవు తొమ్మిది అంగుళాలు, వెడల్పు నాలుగున్నర. కాబట్టి గోడ తొమ్మిదైనా కావాలి, నాలుగున్నరైనా కావాలి. ఎత్తు మాట కూడా అంతే. నివాస గదులకు కనీసం 2.75 మీటర్ల ఎత్తు ఉండాలని మన జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుండగా, నా గోడలు అంతకన్నా పాతిక సెంటీమీటర్లు పొట్టిగా లేచి ఉన్నాయి.

మేస్త్రి గారు వెళ్లగానే ఫైల్ మెనూలోని ప్రిఫరెన్సెస్ (ముందస్తు అమరికలు ఉండే పెట్టె) తెరిచి, కొత్త గోడల మందం దగ్గర 22.9, ఎత్తు దగ్గర 305 అని మార్చి ఓకే నొక్కాను. ప్లానులో ఏమీ కదలలేదు. ఇంకోసారి తెరిచి చూస్తే నేను రాసిన సంఖ్యలు అక్కడే ఉన్నాయి, గోడలు మాత్రం పాత మందంలోనే ఉన్నాయి. పెట్టెలో ఆ మాట "కొత్త గోడల మందం" అనే ఉందని, 'కొత్త' అన్న పదాన్ని నేను చదివి కూడా లెక్కలోకి తీసుకోలేదని అప్పుడు అర్థమైంది. ఈ అమరిక గోడ పుట్టే క్షణంలో మాత్రమే పనిచేస్తుంది. ఒకసారి పుట్టిన గోడకు తన మందం తనదే; ఆ తరువాత ప్రిఫరెన్సెస్‌లో ఏం మార్చినా దానికి పట్టదు.

ఆదివారం రాత్రి

ఉన్న గోడలన్నిటినీ ఒకేసారి ఎంచుకుని, గోడల వివరాల పెట్టెలో మందాన్ని తొమ్మిది అంగుళాలు చేశాను. ఈసారి ప్లానులో గీతలు లావెక్కాయి. పని తీరిందనుకుని గదుల విస్తీర్ణం చూస్తే, పెద్ద పడక గదికి మధ్యాహ్నం కనబడిన సంఖ్యే ఇప్పుడూ కనబడుతోంది. గోడలు లావయ్యాక కూడా గది అంతే ఎలా ఉంటుందన్న అనుమానంతో కాగితం తీసుకుని లెక్క కట్టాను. ఆ లెక్కే ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది కనుక వివరంగా రాస్తున్నాను.

మనం గీసే గీత గోడకు నడిమధ్యన ఉంటుంది. మందం ఆ గీతకు అటు సగం, ఇటు సగం పంచుకుంటుంది. నేను 12 అడుగులు, 11 అడుగులు అని ఇచ్చినవి మధ్యగీత నుంచి మధ్యగీతకు ఉన్న దూరాలు. మూడు అంగుళాల గోడలతో లోపల మిగిలేది 11 అడుగుల 9 అంగుళాలు, 10 అడుగుల 9 అంగుళాలు. విస్తీర్ణం 126 చదరపు అడుగుల పైచిలుకు. గోడ తొమ్మిది అంగుళాలైతే లోపల మిగిలేది 11 అడుగుల 3 అంగుళాలు, 10 అడుగుల 3 అంగుళాలు. విస్తీర్ణం 115 పైచిలుకు. ఒక్క గదిలోనే సరిగ్గా 11 చదరపు అడుగులు గోడ కిందికి పోయాయి. తెర మీద చదరపు మీటర్లలో కనబడే సంఖ్య మాత్రం ఆ 126కే సమానంగా నిలిచి ఉంది. ఎందుకంటే ఈ సాఫ్ట్‌వేర్‌లో గది అనేది గోడలతో ముడిపడినది కాదు. గోడల మధ్య రెండుసార్లు నొక్కినప్పుడు అప్పటి హద్దులను బట్టి ఒక ఆకారం ఏర్పడుతుంది. తరువాత గోడలు లావైనా, సన్నబడినా ఆ ఆకారం తనంతట తాను మారదు. గదిని తీసేసి, అదే చోట మళ్లీ రెండుసార్లు నొక్కి, వచ్చిన సంఖ్యను చదరపు అడుగుల్లోకి మార్చి చూస్తే 115 వచ్చింది.

బయటి కొలత కూడా తప్పే. 24 అడుగులని గీసిన గోడలు బయటి అంచు నుంచి బయటి అంచుకు 24 అడుగుల 9 అంగుళాలకు చేరాయి. పక్కల వదలవలసిన మూడు అడుగుల్లోకి ఒక్కో వైపు నాలుగున్నర అంగుళాల చొప్పున ఇల్లు జరిగిపోయింది. తలుపులు, కిటికీల పరిస్థితి ఇంకోలా ఉంది. పట్టిక నుంచి తలుపును లాగి గోడ మీద పెట్టినప్పుడు అది గోడ దిశకు తిరిగి, గోడ మందానికి తగినట్లు తన లోతును సరిచేసుకుంటుంది. ఆ సర్దుబాటు పెట్టినప్పుడే జరుగుతుంది కాబట్టి, తరువాత గోడను లావు చేస్తే తలుపు పాత లోతులోనే ఉండిపోయింది. ఒక్కొక్కదాన్నీ పక్కకు లాగి మళ్లీ గోడ మీదికి తేవాల్సి వచ్చింది.

నాలుగు తలుపులు సరిచేశాక ఆపేశాను. ఇలా అతుకులు వేస్తూ పోతే ఎక్కడో ఒక పాత కొలత మిగిలిపోతుంది. అది ఎక్కడుందో నాకు తెలియదు. అమ్మానాన్నలు ఆ సంఖ్యలను నమ్మి మంచాలు, బీరువాలు లెక్క వేసుకుంటారు. అందుకే ఈ ఫైలును పక్కన పెట్టి, ముందు అమరికలు నేర్చుకుని, ఖాళీ కాగితం నుంచి మళ్లీ మొదలుపెట్టాలని నిశ్చయించుకున్నాను.

మంగళవారం రాత్రి

ప్రిఫరెన్సెస్ పెట్టెను పై నుంచి కింది దాకా ఒక్కొక్కటిగా మార్చి, మార్చిన ప్రతిసారీ ఒక చిన్న గోడ గీసి, ఏం మారిందో నోట్సు రాసుకున్నాను.

మొదట కొలమానం. సెంటీమీటర్ల బదులు అడుగులు, అంగుళాలు చూపే అమరికకు మార్చగానే తెర మీది కొలతలన్నీ మారాయి, గదుల విస్తీర్ణాలు చదరపు అడుగుల్లోకి వచ్చాయి. గోడ మందానికి జరగనిది దీనికి జరగడం చూసి ఆశ్చర్యపోయాను. కారణం తరువాత తట్టింది. సాఫ్ట్‌వేర్ తన లోపల అన్ని పొడవులనూ సెంటీమీటర్లలోనే దాచుకుంటుంది. కొలమానం అన్నది వాటిని మనకు చూపే తీరు మాత్రమే. కాబట్టి దాన్ని ఎప్పుడు మార్చినా పాతవాటికి, కొత్తవాటికి సమానంగా వర్తిస్తుంది. అంటే ఆ పెట్టెలో రెండు జాతుల అమరికలు పక్కపక్కనే, ఒకే రూపంలో కూర్చుని ఉన్నాయి: చూపును మార్చేవి కొన్ని, పుట్టుకను నిర్ణయించేవి కొన్ని. కొలమానం, కొలబద్దలు, గళ్ల గీతలు, గదులకు నేల రంగు చూపాలా వద్దా అన్నవి మొదటి జాతి. గోడ మందం, ఎత్తు, గోడ లోపలి గీతల నమూనా, అంతస్తుల మధ్య స్లాబు మందం రెండో జాతి. ఈ తేడాను నోట్సులో ఎర్ర సిరాతో రాసుకున్నాను.

అడుగులకు మార్చాక ఒక జాగ్రత్త అవసరమైంది. గోడ గీస్తుండగా ఎంటర్ నొక్కితే పొడవు, కోణం, మందం సంఖ్యల్లో ఇవ్వవచ్చు. అక్కడ అడుగు గుర్తు లేకుండా 12 అని ఇస్తే అది పన్నెండు అంగుళాలుగా తీసుకుంటుంది. రెండుసార్లు అడుగు పొడవు గోడ వచ్చాక, సంఖ్య పక్కన అడుగు గుర్తు పెట్టడం వేళ్లకు అలవాటైంది.

తరువాత మందం. తొమ్మిదా, పదా అన్నది చాలాసేపు తేల్చుకోలేకపోయాను. తొమ్మిది అంగుళాల ఇటుక గోడకు లోపల అర అంగుళం, బయట ముప్పావు అంగుళం దాకా ప్లాస్టరింగ్ పడితే పూర్తయిన గోడ పది అంగుళాలు దాటుతుంది. బీరువా పట్టేదీ లేనిదీ తేల్చేది పూర్తయిన గోడే. కానీ ముగ్గు పోసి, తాడు కట్టి గుర్తులు పెట్టేటప్పుడు మేస్త్రి గారు లెక్క వేసేది ఇటుక గోడనే. నమూనాలో తొమ్మిదే ఉంచి, ఏ గదిలో సామాను బిగువుగా పడుతుందో అక్కడ మొత్తం మీద ఒక అంగుళం తగ్గించి చూడాలని నిర్ణయించుకున్నాను. నా ఉద్దేశంలో కట్టేవారి లెక్కకు దగ్గరగా ఉండడమే మేలు. రెండు రకాల కొలతలు ఒకే కాగితం మీద తిరిగితే పొరపాటు జరిగేది పునాది దగ్గరే.

మిగిలినవాటిని త్వరగా ముగించాను. మా వీధిలో కరెంటు పోవడం మామూలే కాబట్టి, అనుకోకుండా ఆగిపోతే తిరిగి తెచ్చుకోవడానికి దాచే వ్యవధిని పది నిమిషాల నుంచి మూడుకు తగ్గించాను. గదుల పేర్లు తెలుగులోనే ఉండాలని నోటో సాన్స్ తెలుగును సాధారణ అక్షర రూపంగా పెట్టాను. 'వంటగది', 'పూజగది' ప్లానులో చక్కగా కనబడ్డాయి. అయస్కాంతం అమరికను అలాగే ఉంచాను. గోడను గీస్తున్నప్పుడు కోణాలను 15 డిగ్రీల మెట్లకు కట్టిపడేసేది అదే, తలుపును గోడకు అతికించేదీ అదే. కాసేపు అక్కర్లేనప్పుడు విండోస్‌లో ఆల్ట్ మీట పట్టుకుంటే చాలు. ప్రిఫరెన్సెస్‌లో చేసిన మార్పులను అన్‌డూ వెనక్కి తీసుకోదని కూడా ఈ రాత్రే తెలిసింది. పాత విలువను రాసిపెట్టుకున్నాకే కొత్తది ఇవ్వడం అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను.

శుక్రవారం

ఈ రోజంతా ఎత్తుల గురించే. కొత్త గోడల ఎత్తును 10 అడుగులు, స్లాబు మందాన్ని 5 అంగుళాలు చేశాను. ముందస్తుగా ఉన్న స్లాబు మందం 12 సెంటీమీటర్లు మన అయిదు అంగుళాలకు దగ్గరే కాబట్టి అక్కడ పెద్ద తేడా లేదు. కానీ పై అంతస్తును చేర్చినప్పుడు అది ఎంత ఎత్తున మొదలవ్వాలో సాఫ్ట్‌వేర్ ఈ రెండు సంఖ్యలను కూడి నిర్ణయిస్తుంది. మొదటి శనివారం నేను చేర్చిన పై అంతస్తు 262 సెంటీమీటర్ల దగ్గర, అంటే 103 అంగుళాల దగ్గర నిలబడింది. ఇప్పుడు 10 అడుగుల 5 అంగుళాలు, అంటే 125 అంగుళాల దగ్గర నిలబడింది.

ఈ 22 అంగుళాల తేడా మెట్ల దగ్గర బయటపడింది. నాన్నగారికి మోకాళ్ల నొప్పి. ఒక్కో మెట్టు ఎత్తు ఆరుంబావు అంగుళాలకు మించకూడదని అనుకున్నాం. నియమావళి ప్రకారం ఏడున్నర అంగుళాల దాకా పోవచ్చు, కానీ ఆయన రోజూ సాయంత్రం డాబా మీదికి వెళ్లే మనిషి. పాత లెక్కలో 103 అంగుళాలు ఎక్కడానికి 17 మెట్లు సరిపోయాయి. అసలు ఎత్తు 125 అంగుళాలకు సరిగ్గా 20 మెట్లు కావాలి. మధ్యలో తిరుగుడు పలక ఉన్న రెండు వరసల మెట్లలో ఒక్కో వరసకు 10 ఎత్తులు, 9 పలకలు (కాలు మోపే చోట్లు) వస్తాయి. పలక పది అంగుళాల చొప్పున వరస పొడవు 7 అడుగుల 6 అంగుళాలు. పాత లెక్కలో పెద్ద వరస 6 అడుగుల 8 అంగుళాలే. మెట్ల చోటుకు ఇంకో పది అంగుళాలు కావాలి; అవి హాలులోంచే రావాలి.

పట్టికలోని మెట్లు అంతస్తు ఎత్తును చూసి వాటంతట అవి పెరగవు. వివరాల పెట్టెలో ఎత్తు మనమే ఇవ్వాలి. మెట్ల కొస పై అంతస్తు నేలను అందుకున్నప్పుడే అక్కడి నేలలో మెట్ల కోసం ఖాళీ తెరుచుకుంటుంది. 125 అని ఇచ్చి పై అంతస్తుకు వెళ్లి చూశాను. నేల తెరుచుకుని, కింది నుంచి మెట్లు పైకి వచ్చి ఉన్నాయి.

రెండో శనివారం

ఖాళీ ఫైలు తెరిచి మళ్లీ గీశాను. ఈసారి మధ్యగీతల లెక్కను ముందే కాగితం మీద వేసుకున్నాను. బయటి అంచులు 24 అడుగులకు 36 అడుగులు రావాలంటే మధ్యగీతలు ఒక్కో దిశలో తొమ్మిది అంగుళాలు తగ్గాలి: 23 అడుగుల 3 అంగుళాలు, 35 అడుగుల 3 అంగుళాలు. లోపల 11 అడుగులు మిగలాల్సిన చోట ఒక పక్క తొమ్మిది అంగుళాల బయటి గోడ, మరో పక్క నాలుగున్నర అంగుళాల అడ్డగోడ ఉంటే, మధ్యగీతల దూరం 11 అడుగులకు నాలుగున్నర, రెండుంబావు అంగుళాలు కలిపి 11 అడుగుల ఆరుముప్పావు అంగుళాలు. ఇలా ప్రతి గదికీ రాసుకున్నాక గీయడానికి గంట కూడా పట్టలేదు.

గోడ మందానికి ముందస్తు విలువ ఒక్కటే ఉంటుంది, మాకు రెండు కావాలి. ముందు తొమ్మిది ఉంచి బయటి గోడలు, బరువు మోసే మధ్య గోడ గీశాను. ప్రిఫరెన్సెస్‌లో నాలుగున్నర చేసి, గోడ లోపలి నమూనాను కూడా నిండు నలుపు నుంచి ఏటవాలు గీతలకు మార్చి అడ్డగోడలు గీశాను. నమూనా కూడా గోడతో పాటు పుట్టేదే కనుక పాత గోడలు నల్లగానే ఉన్నాయి, కొత్తవి గీతలతో వచ్చాయి. ఏది ఏ గోడో సంఖ్య చదవకుండానే తెలిసిపోతోంది. నేను చేసిన అమరికలన్నిటిలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఇదే.

గదుల పేర్లు, విస్తీర్ణాలు అన్నిటికన్నా చివర, గోడలన్నీ తేలాకే పెట్టాను.

రెండో ఆదివారం

మా అమ్మకు తెలియాల్సింది పెద్ద పడక గదికి పడమటి ఎండ ఎంత కొడుతుందన్నది. ఇందుకు దిక్సూచి అమరిక కావాలి. ఇది ప్రిఫరెన్సెస్‌లో లేదు. ప్రతి ఇంటి ఫైలుకూ తన దిక్సూచి తనకు ఉంటుంది. కొత్త ఫైలులో ఉత్తరం తెర పై వైపుకు ఉంటుంది. చోటు మాత్రం కంప్యూటరులోని టైమ్ జోన్‌ను బట్టి సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఎంచుకుంటుంది. నేనేమో రోడ్డును తెర కింది వైపుకు పెట్టి గీశాను. మాది తూర్పు ముఖం కాబట్టి తెర కింది వైపు తూర్పు, పై వైపు పడమర, కుడి వైపు ఉత్తరం కావాలి. సూదిని కుడి వైపుకు తిప్పి, అక్షాంశం 17, రేఖాంశం 81.8 ఇచ్చాను.

సరిగ్గా కుదిరిందో లేదో చూడడానికి ఒక పరీక్ష పెట్టాను. 17 డిగ్రీల అక్షాంశం మీద ఏడాదికి రెండుసార్లు, మే రెండో వారం దరిదాపుల్లో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి, మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రెండింటి నడుమ రోజుల్లో మధ్యాహ్నపు ఎండ కొద్దిగా ఉత్తరం నుంచి పడాలి. ఫొటో తయారుచేసే పెట్టెలో నాణ్యతను పెంచి, తేదీని జూన్ 21గా, సమయాన్ని మధ్యాహ్నం 12 గంటలుగా ఇచ్చాను. పిట్టగోడ నీడ దక్షిణం వైపుకే, చాలా పొట్టిగా పడింది. డిసెంబరు తేదీ ఇస్తే అదే నీడ ఉత్తరం వైపుకు పొడుగ్గా సాగింది.

ఆ తరువాత మే 20, సాయంత్రం నాలుగు గంటలకు ఫొటో తీశాను. పడక గది పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా మంచం దాకా వచ్చింది. కిటికీ మీద అడుగున్నర సజ్జా బదులు రెండు అడుగుల సజ్జా పెట్టి చూసినా పెద్దగా తగ్గలేదు. అంత వాలిన ఎండను సజ్జా ఆపలేదు. అమ్మ ఆ ఫొటో చూసి, ఆ కిటికీని దక్షిణం గోడకు మార్చమంది. మార్చాను.

మూడో వారం, గురువారం

పుణెలో ఉన్న తమ్ముడికి ఫైలు పంపించాను. తన లాప్‌టాప్‌లో తెరిచి, కొలతలన్నీ సెంటీమీటర్లలో ఉన్నాయని, తాను హాలులో ఒక అడ్డగోడ గీస్తే పలచగా, పొట్టిగా వచ్చిందని ఫోన్ చేశాడు. గీసిన గోడలు, గదులు, దిక్సూచి, అంతస్తులు ఫైలుతో పాటు వెళ్లాయి. ప్రిఫరెన్సెస్ మాత్రం నా కంప్యూటరులోనే ఉండిపోయాయి. ఫోనులోనే ఆరు విలువలు చదివి వినిపించాను, వాడు ఒక్కొక్కటిగా మార్చుకున్నాడు. ఆ ఆరింటినీ ఇప్పుడు ఇంటి ఫైలులోనే, స్థలం హద్దు బయట, ఒక వచనంగా రాసి పెట్టాను. ఫైలు ఎవరు తెరిచినా గీయడం మొదలుపెట్టే ముందు వారి కంటికి అదే కనబడుతుంది.

ఇదే ఆలోచనతో ఇంకో ఫైలు కూడా తయారుచేశాను. అందులో ఇల్లు లేదు. 30కి 45 అడుగుల స్థలం హద్దు, సరైన దిక్సూచి, సరైన ఎత్తులతో రెండు అంతస్తులు, ఇందాక చెప్పిన వచనం ఉన్నాయి. హద్దు బయట మా కొలతల ద్వారబంధాలు వరుసగా నిలబెట్టాను: సింహద్వారం మూడున్నర అడుగులు, గదుల తలుపులు 3 అడుగులు, స్నానాల గది తలుపు రెండున్నర అడుగులు, అన్నిటికీ ఎత్తు 7 అడుగులు. పక్కనే నాలుగడుగుల కిటికీలు. వాటి అడుగు నేల నుంచి మూడడుగుల మీద ఉంది కనుక పై అంచు తలుపుల పై అంచుతో సమానంగా, లింటెల్ మట్టానికి వస్తుంది. పట్టికలో ముందే ఉన్న తలుపుల కొలతలను అక్కడికక్కడే మార్చుకునే వీలు లేదు. అందుకని కావలసిన తలుపును ఇక్కడి నుంచి కాపీ చేసి ఇంటి ఫైలులో అతికించి, గోడ మీదికి లాగుతున్నాను. లోతు గోడకు తగినట్లు సర్దుకుంటోంది. సొంత కొలతలతో పట్టికనే తయారుచేసుకోవడానికి ఫర్నిచర్ లైబ్రరీ ఎడిటర్ అని వేరే ప్రోగ్రాము ఉంది. పది పన్నెండు వస్తువులకు దాని అవసరం లేదనిపించింది.

వంటగదిని ఇంకో రెండు రకాలుగా గీసి చూడాలని ఉంది. రెండూ ఈ ఖాళీ ఫైలు నుంచే, వేరే పేర్లతో మొదలయ్యాయి.

మూడో శనివారం

ముద్రణ. ముందస్తు అమరికలో ప్లాను కాగితానికి సరిపడేలా కుదించుకుంటుంది. చూడడానికి బాగుంటుంది కానీ దాని మీద స్కేలు పెట్టి కొలవలేం. పేజీ అమరికలో స్కేలును 1/50గా, కాగితాన్ని ఏ3గా ఇచ్చాను. 36 అడుగుల ఇల్లు కాగితం మీద దాదాపు 22 సెంటీమీటర్లు వచ్చింది, చుట్టూ కొలత గీతలకు చోటు మిగిలింది. ఈ అమరిక ఇంటి ఫైలుతో పాటే దాగుతుంది కాబట్టి ఖాళీ ఫైలులో కూడా ఇదే పెట్టాను. జిరాక్సు షాపులో ముద్రించేటప్పుడు పేజీకి సరిపెట్టవద్దని, ఉన్న కొలతకే తీయమని చెప్పి, వచ్చిన కాగితం మీద స్థలం ముందు హద్దును స్కేలుతో కొలిచాను. 30 అడుగులకు 18.3 సెంటీమీటర్లు ఉండాలి, ఉంది.

సాయంత్రం మేస్త్రి గారు వచ్చారు. కాగితాన్ని నేల మీద పరిచి, జేబులోంచి టేపు తీసి, నల్లటి గోడలను ఒకసారి, గీతల గోడలను ఒకసారి వేలితో చూపుతూ వచ్చారు. పడక గది దగ్గర ఆగి, లోపలి కొలత పదకొండు అడుగులేనా అని అడిగారు. ఇటుక నుంచి ఇటుకకు పదకొండు, ప్లాస్టరింగ్ పడ్డాక ఒక అంగుళం తగ్గుతుందని చెప్పాను. ఆయన తల ఊపి, పెన్సిలు అడిగి తీసుకుని, మెట్ల పక్క గోడ మీద ఒక గుర్తు పెట్టారు. అక్కడ స్తంభం వస్తుందట, తొమ్మిదికి పన్నెండు అంగుళాలట. గోడకు లోపల మూడంగుళాలు పొడుచుకు వస్తుందట. స్తంభాలు నా నమూనాలో ఇంకా లేవు. ఇంజనీరు గారు వాటి చోట్లు ఇచ్చాక, తొమ్మిదికి పన్నెండు, పదడుగుల ఎత్తు పెట్టె ఒకటి తయారుచేసి, తలుపుల వరుస పక్కన పెట్టాలి.